చూడటం వరకే

"ఇది నువ్వు చెయ్యకపోతే దెయ్యం చేసిందా?"

భర్త ఫోను తెచ్చి కోడలి ముందు బల్లమీద పడేశాడు. అందులో తమ పేముకుర్చీల దుకాణం పేరు పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద ఒక లావుపాటి ఆడమనిషి బొమ్మ, పక్కన అదే మనిషి బక్కచిక్కిన బొమ్మ, మధ్యలో మాత్రల సీసా. తెల్లవారేసరికి ఆ ప్రకటన ఊరంతటి ఫోన్లలోకీ పాకింది. కుర్చీలు కొన్నవాళ్ళు ఫోన్లు చేసి మరీ తిడుతున్నారు.

నీళ్ళతొట్టిలో నానిన పేము బద్దను పైకి తీస్తూ అత్తగారు ఇటు చూసింది. "మన కుర్చీల్లో కూర్చుంటే లావెక్కుతారని ఎవరైనా చెప్పారేమిట్రా?"

"నీకు నవ్వులాటగా ఉందా అమ్మా? దుకాణం పరువు బజారున పడింది!"

"నేను చెయ్యలేదు అత్తయ్యా," అంది కోడలు. భర్తకి కాదు, ఆమెకే చెప్పింది.

"ఆ ప్రకటనల ఖాతా తెరిచేది మేమిద్దరమే. నేను చెయ్యలేదు. ఇంక ఎవరు చేశారో నువ్వే చెప్పు," అన్నాడతను తల్లితో. "వేరుపడ్డ మనిషికి తాళాలిచ్చి కూర్చోబెట్టావు. కడుపుమంట చల్లార్చుకుంది."

కోడలికి ఇల్లు వదిలిన రోజున కూడా ఇంత భయం వెయ్యలేదు. ఆ రోజు అత్తగారు వీధి మలుపు దాకా వెంట వచ్చి, "వాడితో పడకపోతే పోయింది, సాయంత్రాలు దుకాణానికి రావడం మానకు," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని వస్తోంది. కుర్చీలకి ఫొటోలు తీసి, ప్రకటనలు పెట్టి, అడిగినవాళ్ళకి జవాబులు రాసి, తన గదికి వెళ్ళిపోతోంది. ఇప్పుడు ఈ దారి కూడా మూసుకుపోతే అత్తగారితో ఇక ఏ వరసా మిగలదు.

"అందరం అత్తయ్య పాస్‌వర్డే వాడటం మన తప్పు," అంది నెమ్మదిగా. "ఎవరేం చేసినా ఆవిడ పేరే పడుతుంది. అందుకే, నేను కాదని రుజువు చేసుకోలేను."

"రుజువు లేనప్పుడు నోరు మూసుకుని వెళ్ళు. రేపట్నుంచి ప్రకటనలు లైకులాయన చూసుకుంటాడు."

ఊళ్ళో దుకాణాలన్నిటికీ ప్రకటనలు పెట్టే ఒకాయనకి అందరూ పెట్టిన పేరది.

"ఆయనకి పాస్‌వర్డు ఇచ్చేశారా?"

"ఇంకా లేదు. ఇవాళ ఇస్తాను."

"ఇవ్వకండి. అత్తయ్యా, బయటివాళ్ళు ఎంత మంచివాళ్ళయినా పాస్‌వర్డు చేతిలో పెట్టకూడదు. ఆయన్ని ఆయన పేరుతోనే చేర్చుకోండి. ప్రకటనలు పెట్టడం వరకే అనుమతివ్వండి. పని అయ్యాక ఆ పేరు తీసేస్తే సరిపోతుంది."

"పాఠాలు చాలు! అమ్మా, పాస్‌వర్డు మార్చెయ్. దీనికి మాత్రం చెప్పకు."

అత్తగారు చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. "మారిస్తే ఇద్దరూ బయటపడతారుగా?"

"అవునండీ. ఎవర్ని కావాలంటే వాళ్ళని మళ్ళీ చేర్చుకోవాలి," అంది కోడలు.

"చేర్చుకోవడం ఎన్ని రకాలు?"

"మూడు. అన్నీ చేసే అనుమతి. ప్రకటనలు పెట్టడం వరకే. చూడటం వరకే."

"చూడటం వరకే అంటే?"

"లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. దేనిమీదా చెయ్యి వెయ్యలేరు." కోడలు అత్తగారికేసి తిరిగింది. "నాకు అదిచ్చినా చాలు అత్తయ్యా."

"కిటికీలోంచి తొంగి చూసి పోతుందట, పాపం," అన్నాడు భర్త.

కోడలు పక్కన కూర్చుని, పాస్‌వర్డు మార్చే చోటూ మనుషుల్ని చేర్చే చోటూ చూపించింది. అంతలో అత్తగారి ఫోను టింగుమంది.

"ఏవో అంకెలొచ్చాయి. నాలుగు, ఏడు..."

"పైకి చదవకండి! కొత్తగా ఎవరైనా ఖాతాలోకి రావాలన్నా, పాస్‌వర్డు మార్చాలన్నా మీ ఫోనుకి ఇలా అంకెలు వస్తాయి. అవి చెప్పామంటే తలుపు తీసి రమ్మన్నట్టే. ఎవరికీ చెప్పకూడదు, నాకైనా సరే."

"ఎవరికీనా?"

"ఎవరికీ."

అత్తగారు ఆ అంకెలకేసి చాలాసేపు చూసింది. పేము లాగి లాగి కాయలు కాసిన వేలితో ఒక్కొక్క అంకెనీ తడిమింది. ముఖం పాలిపోయింది. పెద్దావిడని ఎంత క్షోభ పెడుతున్నామో అనుకుని కోడలు తల దించుకుంది.

"ఇంకా ఏం ఆలోచిస్తావమ్మా? నన్ను చేర్చు, అయిపోతుంది."

"ఉండరా. ఎవర్నీ గెంటెయ్యడం నా వల్ల కాదు. ఉన్నవాళ్ళు ఉండాలి. ఎవరెక్కడ ఉండాలా అని చూస్తున్నాను."

ఆమె ఫోనుని గుండెకి దగ్గరగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నొక్కింది. కోడలు చూడటం వరకే అయినా ఇస్తే చాలనుకుంది.

ముందు భర్త ఫోను మోగింది. ధీమాగా తీసి చూసి, చిరాకు పడ్డాడు.

"కళ్ళజోడు మార్చుకోమ్మా! దానికివ్వాల్సింది నాకిచ్చావు. చూడటం వరకే అని వచ్చింది."

కోడలి ఒళ్ళో ఫోను కూడా మోగింది. అన్నీ చేసే అనుమతి. ఆమె నమ్మలేక అత్తగారి ముఖంలోకి చూసింది.

"కళ్ళజోడు బాగానే ఉంది," అంది అత్తగారు.

"మరి?"

"మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు నీ పక్కన ఎవరో 'తొందరగా అడగండి సార్' అంటుంటే, నా ఫోనుకొచ్చిన ఇలాంటి అంకెలే నాచేత చదివించుకున్నది నువ్వే కదరా!"