ఎర్ర డిస్కులు తీసుకోబడవు

డిస్కులాయన పొద్దుటినుంచీ కుదురుగా కూర్చోలేదు.

కూర్చుంటే లేస్తున్నాడు, లేస్తే ప్లేయర్ చుట్టూ తిరుగుతున్నాడు. షాపులో తిరగాల్సిన డిస్కు తప్ప అన్నీ తిరుగుతున్నాయి, ఆయన తలతో సహా.

మూడు వారాలు ఎదురుచూసిన పార్సిల్ ఆ ఉదయమే వచ్చింది. నీలం డబ్బాలో డిస్కు. పెట్టగానే తెర మీద ఒకటే ముక్క: "ఈ డిస్కు ఈ ప్రాంతంలో ఆడదు."

"ప్రాంతం కాదురా, పంతం," అన్నాడు ఫోన్లో బావమరిదితో. బావమరిది ప్లేయర్లు రిపేరు చేస్తాడు. "రీజియన్ కోడట. కోడలికైనా ఇన్ని ఆంక్షలుండవు. పుట్టిన దేశం దాటితే నోరు విప్పకూడదట."

"రిమోట్‌లో రహస్యం నంబరు కొడితే ఒక్కోసారి ఆ తాళం ఊడుతుంది బావా. ఏడు, ఏడు, సున్నా, నాలుగు కొట్టు."

కొట్టాడు.

"ఊడిందా?"

"నా జుట్టు ఊడుతోంది. ఇంకోటి చెప్పు."

ఆ డిస్కులో ఉన్నది డిస్కులాయన వాళ్ళ నాన్న.

నాటకాలాడేవాడు. ఒక్కటంటే ఒక్క సినిమాలో స్టేషన్ మాస్టరు వేషం వేశాడు, ఎనిమిది నిమిషాలు. ఆయన పోయేనాటికి కొడుక్కి పది నెలలు. ఇంట్లో ఫోటోలున్నాయి, గొంతు లేదు. "నాన్న ఎలా మాట్లాడేవాడమ్మా?" అని చిన్నప్పుడు ఏడిస్తే, "సినిమాలో ఉందిగా నాన్న గొంతు," అనేది అమ్మ. ఆ సినిమా రీళ్ళేమో ఎక్కడా దొరకలేదు. నలభై ఏళ్ళ తర్వాత పరాయి దేశపు కంపెనీ ఒకటి దాన్ని కడిగి తుడిచి డిస్కుగా వేసింది. ఇంకేం, నెట్‌లో సినిమా పిచ్చోళ్ళ గ్రూపులన్నిట్లోనూ మెసేజ్ పెట్టేశాడు: ఫలానా నటుడి కొడుకుని, ఆ డిస్కు కావాలి, ఇదీ మా షాపు అడ్రసు.

పై అంతస్తులో ఉండే అమ్మ మాత్రం, "ఇప్పుడెందుకురా అదంతా," అంటూనే ఉంది.

"బాబూ," అన్నారెవరో.

గుమ్మంలో ఓ పెద్దాయన. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. బొంగురు గొంతు. చేతిలో ఎర్ర డబ్బా.

ఎర్ర డబ్బా చూడగానే డిస్కులాయనకి ఒళ్ళు మండింది.

రెండేళ్ళపాటు ఎర్రరకం డిస్కులూ, నీలంరకం డిస్కులూ మార్కెట్లో జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. చివరికి నీలం గెలిచి ఎర్రదాన్ని వేలం వేయించింది. ఎర్రవి తెస్తే నీలానివి ఇస్తానని బోర్డు పెట్టి, అవే గ్రూపుల్లో చాటింపు వేసిన పాపానికి ఊరు ఊరంతా షాపు మీద పడింది. ఈ పూటకి ఈయన ఆరోవాడు.

"మార్పిడి నిన్నటితో ఆఖరండీ."

"మార్పిడికి కాదు బాబూ. ఎర్రవి ఆడే మిషను ఉందా మీ దగ్గర?"

"తూకానికి వేసేశాం."

"అయ్యో. ఎర్రదానికి ఈ దేశాల తాళాలు లేవు. ఎక్కడైనా ఆడేది."

"ఆడేదే. ఓడింది." ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు. "ఏంట్రా? తొమ్మిదా, ఆరా?"

"గ్రూపులో మీ మెసేజ్ చూసి..."

"ఆ ఆఫర్ అయిపోయిందండీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

పెద్దాయన రైల్వే స్టేషను బొమ్మున్న ఆ డబ్బా కౌంటరు మీద పెట్టబోయాడు. డిస్కులాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పోనీ, మిషను లేకపోయినా ఒక్క నిమిషం విను," అని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. బొంగురు మాయమైంది. అదే నోట్లోంచి ముప్ఫై ఏళ్ళ మనిషెవరో మాట్లాడాడు, నిండుగా, కాస్త నవ్వుతున్నట్టుగా. "తొందరపడకండి. అందరికీ చోటుంది."

డిస్కులాయన చెయ్యి రిమోట్ మీద ఆగింది.

"ఆఖరి అంకె రెండు బావా," అన్నాడు ఫోన్లో బావమరిది.

"మిమిక్రీకి కూడా డిస్కులు మార్చమండీ. వెళ్ళిరండి."

పెద్దాయన కాసేపు అతని మొహంకేసే చూశాడు. డబ్బా సంచీలో పెట్టుకున్నాడు.

"పని తొందరలో ఉన్నట్టున్నావు," అన్నాడు మళ్ళీ బొంగురుగా. "మీ అమ్మగారు బాగున్నారా?"

"ఆఁ, ఆఁ, బాగుంది," అంటూ డిస్కులాయన రెండు నొక్కాడు.

ఈ ప్రాంతంలో ఆడదు.

రిమోట్ విసిరేద్దామనుకుంటుండగా మెట్ల మీద అలికిడి. అమ్మ. చెప్పుల్లేవు, చేతులు తడిగా ఉన్నాయి.

"ఇందాక మాట్లాడిందెవర్రా?"

"ఎవరో ఎర్ర డిస్కు ముసలాయన."

"ఎటెళ్ళాడు?"

"బస్టాపు వైపు. ఏంటమ్మా?"

ఆవిడ అప్పటికే వీధిలో ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి అంత జోరుగా నడవగలదని కొడుక్కి తెలీదు. షాపు తెరిచినది తెరిచినట్టే వదిలి వెనకాల పరిగెత్తాడు.

బస్టాపులో ఇద్దరమ్మాయిలు, పొగ. బస్సు అప్పుడే మలుపు తిరిగింది.

"అది ఏ నంబరు బస్సమ్మా?" అనడిగాడు వాళ్ళని.

"చూడలేదండీ."

అమ్మ బెంచీ మీద కూలబడింది.

"ఎవరమ్మా ఆయన?"

"నువ్వు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి, సినిమాలో ఉందన్నాను. తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదురా. షూటింగయితే పూర్తయింది కానీ, డబ్బింగు చెప్పేనాటికి మీ నాన్న లేరు."

"మరి అందులో గొంతు?"

"నాటకాల్లో ఆయనకొక స్నేహితుడుండేవాడు. మీ నాన్న మాటని అచ్చుగుద్దినట్టు దించేవాడు. సరదాకి వీధిలోంచి నన్ను పిలిస్తే, వంటింట్లోంచి నేనే మోసపోయి 'వస్తున్నానండీ' అనేదాన్ని." తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆ ఎనిమిది నిమిషాలూ మాట్లాడింది అతనే, ఇందాక పైన కూడా నేను 'వస్తున్నానండీ' అనేశాన్రా."