ఏటిగట్టు గూటాలు

తెల్లారి నూలు ఆరేయడానికి వెళ్లిన ధనపాల్‌కు ఏటిగట్టు పొడవునా గూటాలు కనిపించాయి.

ముంజేతి లావున, వరసగా, దగ్గరదగ్గరగా పాతి ఉన్నాయి.

ఆంధ్ర వేరుపడిన ఏడాది అది. తమ ఊరు గుడియాత్తం ఏ పక్కకు పోతుందో, గీత ఎక్కడ గీస్తారో అని టీకొట్లలో అదే మాట. ఏటివారన మగ్గాల వీధి. ఇళ్లలో తెలుగు, ఏరు దాటి బజారుకు పోతే అరవం. గీత ఏటి మీదుగా పడిందంటే వీధి ఒక రాష్ట్రం, నూలంగడి ఇంకో రాష్ట్రం.

"ఎల్ల కొలిచేవాళ్లు వచ్చేసినార్రా," అన్నాడు ధనపాల్, పక్కింటి జయరాములుతో.

గట్టు కింద ఒక మనిషి ఇంకో గూటం దిగ్గొడుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి. నెత్తికి తువ్వాలు.

"యా ఊరప్పా?" అడిగాడు ధనపాల్.

"ఆలంగాయం. కట్టెల డిపోలో పని. పేరు గోవిందన్."

"ఆడినించి ఈ ఏటికి ఏం పని మీద వచ్చినావు?"

"గట్టు కోసుకపోతా ఉండాది కదన్నా. ఇవి వావిలి కొమ్మలు. వేరు పట్టినాయంటే మన్ను కదలదు."

"ఎవరు పంపినారు?"

"ఎవరూ పంపలేదు."

"మరి కూలి?"

"సుమ్మానే చేస్తా ఉండాను."

కూలి లేకుండా ఒకరి గట్టు మీద చెమటోడ్చే మనిషిని ఆ వీధి అంతవరకు చూడలేదు.

"సుమ్మా చేసేవాడికి సర్కారు జీతం యాడో ఉండాదని అర్థం," అన్నాడు జయరాములు.

"లేదంటే జాగా మీద కన్నేసినాడు. ఈ పొద్దు గూటం, రేపు గుడిసె," అన్నాడు ధనపాల్.

గోవిందన్ తువ్వాలు బిగించుకుని ఇంకో గూటం అందుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. నూలు కండెలు చుట్టే ముసలి పచ్చయమ్మ తప్ప ఎవరూ చెంబెడు నీళ్లివ్వలేదు.

ఒకనాడు జీపొకటి ఏరు దాటి పోయింది. ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎల్ల కొలిచేవాళ్లదేనని వీధంతా కదిలి గూటాలు పెరికేసింది.

పెరికిన వాటి అడుగున తెల్లటి వేర్లు. ధనపాల్ చూశాడు. చూసి, పడుగు నూలు చాపి కట్టడానికి పనికొస్తాయని నాలుగు భుజాన వేసుకున్నాడు.

"మా ఇంటి ముందరివి ముట్టుకుంటే చేతులు ఇరుస్తా," అంది పచ్చయమ్మ.

"నీకేమవుతాడవ్వా వాడు? చుట్టమా?"

"నీ పని చూసుకోప్పా."

ఆదివారం గోవిందన్ వచ్చాడు. బోడిగా ఉన్న గట్టు పొడవునా నడిచి చూశాడు.

"ఈ ఏడు వానలకు జాగ్రత్తన్నా," అని ధనపాల్‌తో చెప్పి, బస్సెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కార్తీకంలో ఏరు పొంగింది. ధనపాల్ ఇంటి ముందర గట్టు విరిగి గోడ పడింది. మగ్గం గుంత నిండా బురద. సగం నేసిన లుంగీలు ఏటిపాలు. పచ్చయమ్మ ఇంటి ముందర పిడికెడు మన్ను కదల్లేదు.

నీళ్లు తగ్గగానే ధనపాల్ ఆలంగాయం వెళ్లాడు. మిగిలిన గట్టునైనా నిలబెట్టుకోవాలని, గోవిందన్ కాళ్లు పట్టుకునైనా పిలుచుకు రావాలని.

డిపోలో తూకం వేసే మనిషి తలెత్తకుండానే చెప్పాడు. "జ్వరమొచ్చి పోయిన నెలలోనే పోయినాడప్పా."

తిరిగొచ్చి పచ్చయమ్మ అరుగు మీద కూలబడ్డాడు ధనపాల్.

"వాడెవడో నీకు ముందే తెలుసు కదవ్వా?"

"మొదటి దినమే తెలుసు. అచ్చం వాళ్లమ్మ మొగమే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఎందుకని?"

"జాగా అడిగేదానికి వచ్చినాడని అనుకుంటారని."

"ఏ జాగా?"

పచ్చయమ్మ కండె పక్కన పెట్టి, పడిపోయిన గోడవైపు చూసింది.

"నలభై ఏండ్ల కిందటి వెల్లువకు వాళ్ల ఇల్లూ, అమ్మానాయనా పోయి, పసివాణ్ణి మేనమామ ఎత్తుకపోయినాక, ఆ ఖాళీ జాగాలోనే మీ నాయన మగ్గం గుంత తవ్వినాడు ధనపాలూ."