తగరం వర్తకుడి జవాబు

"ధర ఒక్కటీ చదివి చెప్పమ్మా. మిగతా సోది నాకక్కర్లేదు," అన్నాడు ప్రొఫెసర్, స్కానింగు మిషన్ ముందు నిలబడి.

ఆమెకి ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా వింటున్న మాటే. ఆయనది అర్థశాస్త్రం, నాలుగు వేల ఏళ్ళ కిందటి తగరం వ్యాపారం మీద పరిశోధన. ఆ కాలపు మట్టిపలకల మీద లిపి చదివిపెట్టడం ఆమె పని. ఆయనకి ఆ గీతల్లో ఏది తలో ఏది తోకో కూడా తెలియదు. ధర ఉన్న పలకలన్నీ ఆయన బల్ల మీదికి వెళ్ళేవి. మిగతావన్నీ 'ధర లేనివి' అని రాసిన అట్టపెట్టెలో పడేవి.

ఆ పెట్టెలోనే ఒక ఇల్లాలు ఉంది. పరదేశంలో తగరం అమ్ముకుంటున్న మొగుడికి ఇంటి దగ్గర్నుంచి రాసిన ఉత్తరాలు, మొత్తం పదిహేడు. బట్టలు నేయించి పంపాను అంటుంది. పిల్లకి పళ్ళొచ్చాయి అంటుంది. గోడ కూలితే మళ్ళీ కట్టించాను అంటుంది. ఏం రాసినా చివర ఒకటే మాట, ఎప్పుడొస్తావు అని. మొగుడి దగ్గర్నుంచి జవాబు ఒక్కటీ దొరకలేదు. చదివి చదివి అవన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. ఎవరో ఏమిటో, పోయి నాలుగు వేల ఏళ్ళయింది, అయినా ఆ ఇల్లాలి కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. మీద ఆ మొగుడి ముద్రే. ఆ రోజుల్లో ఉత్తరం చుట్టూ మట్టితోనే కవరు చేసి ఎండబెట్టేవాళ్ళు. అందుకున్నవాళ్ళు పగలగొట్టి చదువుకోవాలి. ఇది పగలలేదు. అంటే ఆవిడ చేతికి అందనే లేదన్నమాట. ఇప్పుడు పగలగొడతామంటే మ్యూజియం వాళ్ళు ససేమిరా అన్నారు, మిషన్లో పెట్టి లోపల ఏముందో చూసుకోండి అన్నారు. మిషన్ దొరికింది గంటసేపు. అదీ ప్రొఫెసర్ ఉద్యోగంలో ఆఖరి రోజున, సాయంత్రం వీడ్కోలు సభ పెట్టుకుని. ఆయన గ్రాఫులో ఇంకా ఒక్క ఏడాది ఖాళీగా ఉంది. ఆ ఏడు తగరం ధర పడిపోయిందని ఆయన వాదన. ఎవరు కాదన్నా సరే, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మిషన్ నడిపే కుర్రాడు లోపలి పలక బొమ్మని తెర మీదికి తెచ్చి, టీ తాగొస్తానని వెళ్ళాడు. తెర మీద నాలుగు వరసలు తేలాయి. ఆమె వేలు పెట్టి ఒక్కో వరసా పైకే చదివింది.

"బట్టలు అందాయి. నేత పలచగా ఉంది, ఎవరూ కొనడం లేదు. ఈసారి ఒత్తుగా నేయించు. ఇక్కడ వెండి ఒక పాలుకి తగరం పదహారు పాళ్ళు."

అంతే. పదిహేడు ఉత్తరాలకి ఇదీ జవాబు. పిల్ల మాటైనా ఎత్తలేదు. ఓరి పాపిష్టివాడా అనుకుంది లోపల్లోపల. పైకి మాత్రం మీరన్నదే నిజం సార్, మామూలుగా ఎనిమిది పాళ్ళు వచ్చేది పదహారొస్తోంది, ధర పడింది అని చెప్పింది.

ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది. ఆయన పెన్ను మూత తీశాడు కానీ రాసుకోలేదు.

"అంతేనా?" అన్నాడు.

"ఇంకేం కావాలి సార్?"

"వస్తానని రాశాడా?" ఆమె మొహం చూడకుండా అడిగాడు. "వచ్చాడో లేదో సరే. రావాలని ఉన్నట్టైనా రాశాడా?"

ఆయన భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. రోజూ పొద్దుగూకేసరికి ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసేది, మీ సార్ బయల్దేరారా అమ్మా అని. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా చెయ్యి ఊపేవాడు. ఇప్పుడే బయల్దేరారు పిన్నిగారూ అని ఆమే చెప్పేది. ఆవిడ ఆస్పత్రిలో చేరిన రోజున కూడా ఈమె అదే అబద్ధం చెప్పింది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక్క గీత అరిగిపోయి ఉన్నా దాన్ని ఊహించి రాయడానికి ఒప్పుకోని మనిషి ఆమె. అలాంటి గీత కోసం ఒకసారి ఆయన వ్యాసాన్నే ఆర్నెల్లు ఆపించింది. ఇప్పుడు వేలు నాలుగో వరస కిందికి, ఉత్త మట్టి మీదికి జరిపింది.

"ఉంది సార్," అంది. "చివర్న ఉంది. 'మంచు కరిగి దారి తెరుచుకోగానే బయల్దేరుతున్నాను. నువ్వు లేకుండా ఇక్కడ నాకేమీ బాగోలేదు. నేను వచ్చేదాకా పిల్లకి నా గురించి చెబుతూ ఉండు.'"

ఆయనకి లిపి రాదు కదా, మిషన్ ఆపేస్తే గొడవ వదిలిపోతుందనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు తెర వంకే చూశాడు. ఆమె మీట నొక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాలుగు వరసల ఉత్తరంలో ఆ అయిదో వరస," అన్నాడు, "ఇంకొక్కసారి చదువమ్మా."