నాలుగంగుళాల కోత

శనివారం ఉదయం తొమ్మిది నలభైకి అతను, రంగు గోళీలు పేల్చే తన పెయింట్‌బాల్ గన్ గొట్టాన్ని వరండాలో బల్లకున్న ఇనప పట్టు, వైసులో బిగించి, రంపంతో కోయడం మొదలుపెట్టాడు.

గొట్టం పొడవు పద్నాలుగంగుళాలు. నాలుగు తీసేయాలి.

కారణం బావ. అక్క మొగుడే జట్టు కెప్టెన్ కావడం తను ఏ జన్మలోనో చేసుకున్న పాపం అని అతని నమ్మకం.

ముందురోజు ప్రాక్టీసులో బావ అందరి ముందూ అన్నాడు.

"నువ్వు అడ్డం వెనక బుద్ధిగా దాక్కుంటావు. నీ గొట్టం మాత్రం బయటికొచ్చి ఎదుటివాళ్ళని పలకరిస్తుందిరా."

మిగతావాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఆదివారం పొద్దుటికి అది పొట్టిదవ్వాలి. అయితే ఆరో చోటు నీది. లేకపోతే మా తమ్ముడిది."

మూడేళ్ళుగా అతను ఏడో మనిషి. ఆడేది ఆరుగురు. ఏడో మనిషి నీళ్ళ సీసాలు మోస్తాడు.

అతను ఇంటికొచ్చాక బావ రెండుసార్లు ఫోన్ చేశాడు. పొద్దున ఇంకోసారి. అతను ఎత్తలేదు.

రంపం నాలుగుసార్లు ఆడిందో లేదో, వరండా గుమ్మంలో ఒకావిడ నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. భుజాన గుడ్డసంచి.

"ఆపండి బాబూ, కోయకండి."

అతను తలెత్తాడు. "పైవాటాలోకి కొత్తగా దిగింది మీరేగా?"

"అది కాదు బాబూ..."

"శబ్దం పడకపోతే కిటికీలు వేసుకోండి. పావుగంటలో అయిపోతుంది."

"శబ్దం గొడవ కాదు. వట్టి గొట్టాన్ని వైసులో అలా బిగిస్తే నలుగుతుంది. అటూ ఇటూ చెక్క పెట్టాలి."

"అమ్మగారూ, మీ వంటింట్లోకొచ్చి గరిటె ఎలా తిప్పాలో నేను చెప్పానా?"

"చెప్పలేదు. ఒక్కసారి ఇటివ్వండి, గంటలో..."

"ఇస్తే ఏం చేస్తారు? బట్టలారేసుకుంటారా?"

ఆవిడ గొట్టం వంక చూసింది.

"సరే, కోసుకోండి. కోశాక లోపలి అంచు మాత్రం నున్నగా రుద్దండి. ముల్లంత మిగిలినా గోళీ చీలిపోతుంది."

"ఈ సలహాకి ఫీజెంత?"

ఆవిడ ఇంకేదో అనబోయింది. అతను వరండా తలుపు ఆవిడ మొహానే వేసి గడియ పెట్టాడు.

లోపల్నుంచి భార్య వచ్చింది.

"ఏమండీ, ఆవిడకి పని తెలిసినట్టే ఉంది. వినుండాల్సింది."

"తెలుసు. ఆవిడకీ తెలుసు, నీకూ తెలుసు, మా బావకీ తెలుసు. భూప్రపంచంలో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. చాలా?"

భార్య లోపలికి వెళ్ళిపోయింది.

తొమ్మిది యాభై ఎనిమిదికి ముక్క తెగి కింద పడింది. కోత ఒకవైపుకి వాలింది. అతను బయటి అంచుకి ఆకురాయి పట్టాడు. లోపల వేలు తిప్పి చూశాడు. చాలనుకున్నాడు.

డాబా మీద గోడకి పాత దుప్పటి కట్టి ఐదు గోళీలు పేల్చాడు. మూడు దుప్పటికి తగిలాయి. రెండు గొట్టంలోనే పగిలి రంగు కారింది.

"దిక్కుమాలిన గోళీలు. కొట్టువాడు పాతవి అంటగట్టాడు," అన్నాడు. ఆరోది పేల్చలేదు.

ఆదివారం ఉదయం ఏడున్నరకి పక్క క్లబ్బు జట్టుతో పోటీ మొదలైంది. గోళీలు కొత్తవి. అతను అడ్డం వెనక కూర్చున్నాడు. గొట్టం అంగుళం కూడా బయటికి రాలేదు. దూరం నుంచి బావ బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఎనిమిది అడుగుల దూరంలో ఎదుటివాడు లేచి నిలబడ్డాడు. అంతకన్నా సులువైన గురి మూడేళ్ళలో అతనికి దొరకలేదు.

నొక్కాడు. పసుపు రంగు గొట్టం కొసనుంచి కారి అతని బూట్ల మీద పడింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ బూట్ల మీదే.

మూడోసారి నొక్కేలోగా ఎదుటివాడి గోళీ అతని రొమ్ము మీద పగిలింది. అతను ఔట్.

రెండో ఆటలోనూ అదే జరిగింది. బావ తన తమ్ముణ్ణి లోపలికి రమ్మని చెయ్యూపాడు.

అతను మాస్కు పీకి నేలకేసి కొట్టాడు.

"నువ్వు కోయమంటేనే కదా కోశాను."

"పొట్టిదవ్వాలన్నాను. నిన్నెవడు కోయమన్నాడురా?"

"ఆ పైవాటా ముసలావిడ వేసిన అడ్డపుల్ల ఇది. రంపం పట్టీపట్టగానే కోయొద్దంటూ తయారైంది. ఆవిడ నోరు తగిలింది."

"ఏ ముసలావిడ?"

"నిన్న పొద్దున, గుడ్డసంచి తగిలించుకుని వచ్చింది. వైసులో చెక్క పెట్టాలట, లోపలి అంచు రుద్దాలట. నాకు పాఠాలు."

బావ అతని చేతిలోంచి గన్ తీసుకుని, గొట్టం విప్పి వెలుతురుకి ఎత్తి చూశాడు. వైసు పట్టిన చోట గొట్టం నలిగి ఉంది. కోసిన చోట, లోపలి అంచున, వెంట్రుకంత లోహం లేచి ఉంది.

"మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తుంటే చెప్పేవాణ్ణి."

"ఏం చెప్పేవాడివి?"

"మీ పైవాటాలో ఎవరున్నారో నాకు తెలియదు. ఆవిణ్ణి పంపించింది నేను."

అతను వంగి నేల మీది మాస్కు తీసుకున్నాడు.

"పదిన్నరకి ఆవిడే ఫోన్ చేసింది. 'పని ఆయనే చేసుకుంటున్నారు' అంది. ఇంకేం చెప్పలేదు. నీకు పని వచ్చేమో అనుకున్నాను."

ఆ ఉదయం మైదానంలో రెండు జట్లవీ కలిపి పద్నాలుగు గన్లు ఉన్నాయి. వాటిలో పదమూడింటి గొట్టాలు కోసింది ఆవిడే.