వెనక గది సిస్టమ్

తాండూరు నాపరాళ్ల ఫ్యాక్టరీలో ఆ రాత్రి డ్యూటీ రెబెక్కది. కాంటా మీద లారీ నిలబడింది, కంప్యూటర్‌లో తూకాల ఫైలేమో తెరుచుకోవడం లేదు. అది వెనక గది సిస్టమ్‌లో తెరిచి ఉందని తెర మీద చూపిస్తోంది. అక్కడ మూస్తేగానీ ఇక్కడ తెరుచుకోదు. ఆ గదికేమో తాళం.

వికారాబాద్‌లో రిపేర్లు చేసే కౌశిక్‌కు ఫోన్ చేసింది.

“ఆ సిస్టమా? పగలే తెచ్చిన గదక్కా. నా టేబుల్ మీద విప్పి పెట్టిన.”

బయట డ్రైవర్ ఒకటే హారన్. రెబెక్కకు ఒళ్లు మండి, తాళం వేసిన తలుపు వైపు తిరిగింది.

“ఎవరున్నరో గానీ, ఆ ఫైల్ జర మూయుండ్రి! లారీ పోవాలె.”

లోపల మౌస్ టిక్కుమంది. ఫైల్ తెరుచుకుంది.

తూకం ఎక్కించి లారీని పంపేసింది. దాని చప్పుడు పూర్తిగా అణిగాక, తలుపు అవతలి నుంచి నెమ్మదిగా వినిపించింది.

“ఇగ నువ్వు ఆ ఫైల్ మూయి బిడ్డా. నా పని సగంలనే ఆగింది.”