జిమ్‌లో గంట

బరువు నేలకి దించేసరికి మార్లిస్ లెగ్గింగ్స్ మూత్రంతో తడిసిపోయాయి. వెంటనే ఎవరో గోడకున్న ఇత్తడి గంట కొట్టారు. బరువెత్తుతూ తడుపుకున్న ఆడవాళ్లకి కెనడాలో, విన్నిపెగ్ ఊళ్లోని ఆ జిమ్‌లో దక్కే గౌరవం అది.

"ఇవాళ ఎత్తినట్టు ఎత్తావే," అంటూ కోచ్ రోండా తువ్వాలు విసిరింది.

మార్లిస్ నవ్వలేదు. రోండా చెయ్యి పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్లింది.

"ఈసారి తడి ఒక్కటే కాదు. కింద ఏదో జారింది. కూర్చుంటే..."

"కోడిగుడ్డు మీద కూర్చున్నట్టుంటుంది," అంది రోండా.

"నీకెలా తెలుసు?"

రోండా తలుపు వేసింది. "అది గర్భసంచి. కిందనుంచి ఉయ్యాలలా మోసే కండరాలు సాగిపోతే జారుతుంది. నాకూ ముందు తడి, తర్వాత ఇది."

రెండేళ్లుగా రోండా బరువు ముట్టలేదు. నడుం నొప్పని అందరికీ చెప్పుకుంది.

"తెలిసే గంట కొట్టిస్తున్నావా?"

"గంట మాన్పిస్తే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పను?"

తలుపవతల మళ్లీ గంట మోగింది.

"అమ్మా, నాకే! మొదటిసారి!" రోండా కూతురు బ్రిన్ గొంతు అది.

రోండా కళ్లు తుడుచుకుంది. చప్పట్లు కొడుతూ బయటికి నడిచింది.