మాకు వద్దు, వాళ్ళకి చెయ్యండి

"ఇంకో మెట్టెక్కావంటే కాల్చేస్తా!"

వాకిట్లో బురద తోడుతున్న పార పడేసి, ఓర్ఫా తుపాకి అందుకుంది.

మెట్ల కింద పసుపు చొక్కా మనిషి ఆగాడు. నలభై దాటి ఉంటాయి. మాసిన గడ్డం. చేతిలో గునపం.

"వద్దు మామ్మగారూ."

"భయమా?"

"నాకు కాదు, మీ గురించే. గొట్టం నిండా బురద. పేలితే మీ చేతుల్లోనే పేలుతుంది."

ఓర్ఫా తుపాకి వంక చూసింది. నిజమే. అది కూడా ఇంటితో పాటే వరదలో మునిగింది.

పసుపు చొక్కాల వాళ్ళ సంగతి ఆమె వింది. ఏదో ధర్మసంస్థ. ఎక్కడ వరదొస్తే అక్కడ లారీలతో దిగుతారు. మునిగిన ఇళ్ళు బాగుచేస్తారు. ఏమీ పుచ్చుకోరు.

ఆ ఏమీ పుచ్చుకోకపోవడమే ఆమెకి గిట్టలేదు. కెంటకీ కొండల్లో పుట్టినవాళ్ళకి ఆకలి ఓర్చుకోవడం తెలుసు. చెయ్యి చాచడం తెలీదు.

"మాకు వద్దు. మాకంటే నష్టపోయినవాళ్ళున్నారు. వాళ్ళకి చెయ్యండి."

"వాగు పొడుగునా ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. కింది ఇంటాయన మీ దగ్గరికి పొమ్మన్నాడు."

"ఆ బక్కోడు వర్జిలా? వాడి వంటింట్లో చేపలు ఈదుతున్నాయి! వాడు నా మీద జాలిపడ్డాడా?"

"మరి మీరెవరి దగ్గరికి పొమ్మంటారు?"

"కొండ అవతల, లారెల్ వాగుకి పో. అక్కడెవరికో ఇల్లూ పెళ్ళామూ ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారని రేడియోలో చెప్పారు. వాడికి చెయ్యి."

"అక్కడ తోడడానికి బురద కూడా మిగల్లేదు. మీ ఇల్లింకా నిలబడి ఉంది. శుక్రవారం కౌంటీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. గోడల్లో తడి కనబడితే ఎర్ర కాగితం అతికిస్తాడు. ఆపైన కూల్చడమే."

ఓర్ఫాకి తెలుసు. మొగుడు వారమంతా బొగ్గు గనిలో దిగి, ఆదివారాలు కట్టిన చెక్క ఇల్లది. గోడల లోపలి తడి ఆమె పారకి అందదు.

"కూల్చుకోనీ. బిచ్చమెత్తి నిలబెట్టుకోను."

"బిచ్చమని ఎవరన్నారు? మా వాళ్ళు వారం రోజులుగా చల్లటి రొట్టె ముక్కలు నములుతున్నారు. మీకు వంటొచ్చా?"

"వంటొచ్చా అనా?" ఓర్ఫా తుపాకి గోడకి ఆనించింది. "ఒరేయ్, నా మొక్కజొన్న రొట్టె నోట్లో పడిందంటే నీ పేరు నువ్వే మర్చిపోతావ్!"

"బేరం కుదిరింది. నా పేరు టోలివర్. మర్చిపోయేలోగా చెప్పేస్తున్నా."

గంట తిరిగేసరికి పసుపు చొక్కాలు ఇంటినిండా దిగాయి. తడిసిన గోడ పలకలు ఊడదీసి వాకిట్లో గుట్ట పోశాయి. ఓర్ఫా గ్యాసు పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడకేసింది. గరిటె తిప్పుతూనే అందర్నీ తిట్టింది.

"మెల్లిగా కొట్టవయ్యా! అది ఇల్లు, పాము కాదు."

చీకటి పడగానే మిగతావాళ్ళు పని ఆపేవారు. టోలివర్‌ని మాత్రం ఓర్ఫా అరిచి బయటికి లాగాల్సి వచ్చేది.

గురువారం ఆమె పడకగది గోడకి అడ్డంగా నిలబడింది. ఆ గోడ మీద గులాబీ పూల కాగితం ఉంది. పోయే ముందు మొగుడు తన చేత్తో అతికించాడు.

"దీని జోలికొచ్చావో!"

"లోపలంతా బూజు, మామ్మగారూ. ఎర్ర కాగితానికి ఈ ఒక్క గోడ చాలు."

"పోగొట్టుకోవడమంటే నీకేం తెలుసురా? పనైపోగానే ఇంటికిపోయి, వేణ్ణీళ్ళు పోసుకుని, పెళ్ళాం పెట్టింది తిని పడుకునేవాడివి!"

గునపం గాల్లోనే ఆగిపోయింది.

"ఈ ఇంటిని నీళ్ళకి ఇవ్వను," అన్నాడు టోలివర్.

"నీళ్ళతో నీకేం పగ?"

"ఉంది. జరగండి."

ఆ గొంతు విని ఓర్ఫా పక్కకి జరిగింది.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడల చట్రాలకి తడి కొలిచే మీటరు ఆనించాడు. గది గదీ తిరిగాడు.

"పొడిగానే ఉంది. మీరు ఉండొచ్చు."

"నువ్వు చెప్పేదేంటి? నేను పోతేగా!" అంది ఓర్ఫా.

పసుపు చొక్కాలు పగలబడి నవ్వాయి. ఆ నవ్వుల్లో టోలివర్ లేడు. అప్పటికే లారీ ఎక్కి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓర్ఫా గిన్నెనిండా గింజలు వండింది. పార భుజాన వేసుకుంది. జట్టు మకాం వేసిన చర్చికి నడిచింది. అక్కడ జట్టు పెద్ద జెనీన్ బూట్లు కడుగుతోంది.

"టోలివర్ని పిలువు. పనుంది."

"మొదటి లారీలో వెళ్ళిపోయాడు మామ్మా. వెస్ట్ వర్జీనియాలో వరదట."

"నాకో మాట చెప్పకుండానా? మొద్దు వెధవ! సరే, నువ్వు పద. లారెల్ వాగుకి పోదాం."

"ఎందుకు?"

"అదే, ఇల్లూ పెళ్ళామూ పోయినవాడి దగ్గరికి. సాయం వద్దంటాడు, నాకు తెలుసు. వేరేవాళ్ళకి చెయ్యండంటాడు. నా మొండితనం ముందు వాడిదెంత? మెడలు వంచి తినిపిస్తా. లే!"

జెనీన్ లేవలేదు.

"ఏం? వాణ్ణి చూడ్డానికి మీరెవరూ పోలేదా?"

"మొదటి రోజే పోయాం మామ్మా. చెయ్యడానికి అక్కడేమీ లేకపోయింది. మేం నోరు తెరవకముందే 'నాకూ ఒక పసుపు చొక్కా ఇవ్వండి' అన్నాడు. మొన్నటిదాకా మీ గోడలు విప్పింది ఆయనే."